ఊరొదిలిన ఇంటిపేరు

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఇంటిపేరున్నవాళ్ళెవరో చదివి ఫోన్ చేస్తారు, మా ఆయన వాళ్ళని ఆదివారం భోజనానికి పిలుస్తాడు, వండి పెట్టేది నేను. అందుకని ఇంతవరకే చెబుతాను. అది కృష్ణ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి పేరు. మా ఆయన గానీ, ఆయన తాత గానీ ఆ ఊరు చూసినవాళ్ళు కారు.

నా పుట్టింటి పేరు మరీ విచిత్రం. అదొక వంటగిన్నె పేరు. మా పెళ్ళప్పుడు మగపెళ్ళివారు, "ఊరు వెళ్ళి గిన్నెను తెచ్చుకుంటోంది" అని ఒకటే నవ్వులు. ఉప్పువారూ పప్పువారూ మేకలవారూ పులివారూ ఉన్న జాతి మనది, గిన్నె ఏం పాపం చేసిందని నాకు ఉడుకుమోత్తనం వచ్చేది. మూడు ముళ్ళూ పడ్డాక గిన్నె పోయింది, ఊరు వచ్చింది. ఆ గిన్నె ఎక్కడిదని ఆయన అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. నేనూ ఒక మంత్రిత్వ శాఖ లైబ్రరీలో పనిచేస్తాను. యమున అవతల ఫ్లాటు. ఢిల్లీవాళ్ళకి మన పేర్లు ఒక పట్టాన అర్థం కావు. వాళ్ళకి పేరు ముందు, ఇంటిపేరు వెనక; మనకి ఇంటిపేరే ముందు నడుస్తుంది. ముందున్నదే పేరనుకుని ఆఫీసులో ఆయన్ని ఊరి పేరుకి 'జీ' తగిలించి పిలవడం మొదలుపెట్టారు. ఒక ఊరిని పట్టుకుని ఏమండీ అన్నట్టుంటుంది. మా కాలనీలో నేను ఆ ఊరు ఆంటీని. మా అత్తగారు ఇదంతా వింటూ, "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని బాల్కనీలో ఎండిన తులసి వంక చూపించేది. ఆమె మాతోనే ఉంటుంది. నోరు కత్తి, మనసు వెన్న, కానీ వెన్న కనిపించాలంటే ముందు కత్తిని దాటాలి.

ఆమె మోకాలి ఆపరేషన్ దగ్గరే ఈ కథంతా మొదలైంది. సాకేత్‌లో ఒక పెద్ద ఆసుపత్రి. నేను కింద క్యాంటీన్‌లో ఇడ్లీ అని అమ్ముతున్నదేదో తింటుంటే మా ఆయన మెట్ల మీంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇడ్లీ అక్కడే వదిలేసి లేచాను. ఆపరేషన్ సంగతి కాదట, నర్సు సంగతట. ఆ అమ్మాయి గుండెల మీద పెట్టుకున్న బ్యాడ్జి మీద మా ఇంటిపేరు ఉందట. ఆయన ముఖం చూస్తే లాటరీ తగిలినట్టుంది. పైకి వెళ్ళి చూశాను. నిజమే. తెనాలి వైపు అమ్మాయి, క్రైస్తవులు, చర్చిలో పాటలు పాడుతుందట. మా అత్తగారు అప్పటికే ఆ పిల్ల చేత తల దువ్వించుకుంటోంది.

అక్కడ అంటుకుంది ఆయనకి. ఈ మహానగరంలో ఆ పేరున్నవాళ్ళు ఇంకా ఎందరున్నారో చూడాలని. ప్రభుత్వ క్వార్టర్ల ముందు నడుస్తూ నేమ్‌ప్లేట్లు చదివేవాడు. కొరియర్ కుర్రాడి సంచిలోని పెట్టెల మీద అడ్రసులు చూడబోతే వాడు దొంగనుకుని, "క్యా భయ్యా?" అని గదమాయించాడు. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ జంట దొరికింది. మునిర్కాలో ఇరుకు గదిలో ఉంటూ పరిశోధన చేసుకుంటున్న రాయలసీమ కుర్రాడు దొరికాడు. ఒక్కొక్కరు దొరికిన రోజు ఇంట్లో పండగే. చెప్పులు విప్పకుండానే "ఇంకొకళ్ళే!" అని కేక వేసేవాడు. నేను వెక్కిరించేదాన్ని గానీ, నిజం చెప్పాలంటే నాకూ సరదా పుట్టింది. ఇంత ఊళ్ళో ఎవరికీ ఏమీ కాని మనకి, ఒక పేరు చూపించి చుట్టాలైపోయేవాళ్ళు ఉండటం చిన్న సంగతా?

లక్ష్మీనగర్ దగ్గర మెట్రో ఎత్తుగా వెళుతుంది కదా. కిటికీలోంచి చూస్తే మేడల నిండా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే. ఒకరోజు ఒక ఫ్లెక్సీ మీద లెక్కల మాస్టారి ఫొటో, దాని కింద ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలతో మా ఇంటిపేరు. మా ఆయన తర్వాతి స్టేషన్‌లో దిగి, వెనక్కి నడిచి, ఆ మేడెక్కి, క్లాసు అయ్యేదాకా బల్ల మీద కూర్చుని, ఆ మాస్టార్ని ఇంటికి తీసుకొచ్చాడు. మాస్టారంటే మా అమ్మాయి ఈడువాడే. పరీక్షలు రాద్దామని ఒంగోలు నుంచి వచ్చి, చెప్పడంలోనే రుచి దొరికి ఉండిపోయాడట. సన్నగా, నెమ్మదిగా, పెట్టింది పెట్టినట్టు తినే మనిషి. "అంకుల్" అనబోతే మా ఆయన ఆపేశాడు. అంకుల్ ఏమిటి, బాబాయ్ అనాలన్నాడు. పిల్లవాడు ఆ మాటకి తలవంచి, బాబాయ్ అన్నాడు. గోత్రం అడిగితే అదీ మాదే అయింది. కులమూ కలిసింది. మా ఆయన వాణ్ణి కావలించుకుని, ఇది పేరు కాదు రక్తం అన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వాడి భోజనం మా ఇంట్లోనే.

అదే ఊపులో మా ఇంటిపేరు ఊరికి ఫోన్ చేశాడు. ఎవరినో పట్టుకుని, వాళ్ళ ద్వారా ఇంకెవరినో పట్టుకుని, చివరికి ఆ ఊరి బడిలో పంతులుగారి నంబరు సంపాదించాడు. స్పీకర్ పెట్టి మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోబెట్టాడు. మా ఇంటిపేరువాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారండీ అని గొప్పగా అడిగాడు. పంతులుగారు, "ఒక్కళ్ళూ లేరండి. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఊరి పేరెందుకండీ? ఇక్కణ్ణుంచి లేచిపోయినవాళ్ళని, వాళ్ళు చేరిన ఊరివాళ్ళు ఆ పేరెట్టి పిలిచుంటారు" అన్నారు.

ఎంత సులువైన మాట, మాకెవరికీ తట్టలేదు. ఆ పేరు ఒంగోల్లో ఉంది, తెనాల్లో ఉంది, సీమలో ఉంది, సాకేత్‌లో నర్సమ్మ గుండెల మీద ఉంది, పుట్టిన ఊళ్ళో మాత్రం లేదు. మా ఆయన నీరసపడతాడనుకున్నాను. ఆయన లేచి గదిలో ఇటూ అటూ తిరగడం మొదలుపెట్టాడు. అంటే మనమందరం ఒకే గూట్లోంచి ఎగిరినవాళ్ళం, అందరం అన్నదమ్ముల బిడ్డలమే అన్నాడు. పంతులుగారు ఆ మాట అనలేదని నేను గొణిగాను గానీ, ఆ వేడిలో ఎవరు వింటారు?

ఆ వేడిలోనే ఇంటిపేరువాళ్ళందరికీ విందు పెట్టాడు. రాఖీ పండగ రోజు, మా కాలనీ కమ్యూనిటీ హాల్లో. మనకి ఆ పండగ లేదు గానీ ఢిల్లీ గాలి తగిలినవాళ్ళం కదా. ఆడపిల్లలందరూ మగపిల్లలందరికీ రాఖీ కట్టాలని ఆయన ఉత్తర్వు. మునిర్కా కుర్రాడు వచ్చాడు, నోయిడా జంట వచ్చింది, నర్సమ్మ తన చేత్తో చేసిన కేకు పట్టుకొచ్చింది. నేను పులిహోర కలిపీ కలిపీ చేతులు పసుపుపచ్చగా అయిపోయాయి. ఆయన నర్సమ్మని గోత్రం అడిగితే, తాతయ్యకి ముందు సంగతి మాకు తెలియదంకుల్ అని నవ్వేసింది. అయినా ఫరవాలేదు, నువ్వూ మా పిల్లవే అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అందరిచేతా వరసపెట్టి మా అత్తగారి కాళ్ళకి దండం పెట్టించి, "వీళ్ళంతా నీ మనవలూ మనవరాళ్ళే అమ్మా" అన్నాడు. ఆమె కుర్చీలో మహారాణిలా కూర్చుని అందరికీ దీవెనలిచ్చింది.

మా అమ్మాయి పళ్ళెం పట్టుకుని వరసగా రాఖీలు కడుతూ వచ్చింది. లక్ష్మీనగర్ అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి, రాఖీలు అయిపోయాయంది. మార్కెట్లో కొన్నది నేను. తక్కువ కొనే మనిషిని కాను. ఆ అబ్బాయి చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. వాడి ముఖంలో నిరాశ లేదు. పరీక్ష గట్టెక్కినవాడి ముఖంలా ఉంది.

సాయంత్రం గిన్నెలు సర్దుతుంటే మా అమ్మాయి చేతిసంచి జారి కిందపడింది. అందులోంచి ఎర్రదారం, తళుకుల రాఖీ ఒకటి బయటికొచ్చింది. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. మా పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది, కోపమొచ్చినా భయమొచ్చినా హిందీలోకి దూకుతుంది. ఇప్పుడు మాత్రం వెతుక్కుని వెతుక్కుని తెలుగే మాట్లాడింది. "మమ్మీ, ఒక్కసారి ఆ దారం కట్టేస్తే మళ్ళీ విప్పడానికి ఉండదు కదా. అందుకే కట్టలేదు" అంది. సాకేత్‌లో తన ఆఫీసు అయ్యాక ఇద్దరూ కలుసుకుంటున్నారట. చాలా రోజులుగానే. మా ఇంట్లో ఆదివారం భోజనాలు మొదలైనప్పటి నుంచి.

నాకు కోపం రావాలి. రాలేదు. సంతోషంతో ముందు నవ్వొచ్చింది, తర్వాత మా ఆయన గుర్తొచ్చాడు. ఫ్లెక్సీ మీది పిల్లవాణ్ణి దింపి ఇంటికి తెచ్చిందెవరు? బాబాయ్ అని పిలిపించుకున్నదెవరు? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆయనకి చెప్పిన రోజు అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంటిపేరూ ఒకటే, గోత్రమూ ఒకటే. మన లెక్కలో వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. అలాంటి పెళ్ళికి పెద్దవాళ్ళు అక్షింతలు వెయ్యరు. మా అమ్మాయికి వాళ్ళ నాయనమ్మ అక్షింతలు లేకుండా పెళ్ళి అక్కరలేదు. కోర్టుకెళ్ళి సంతకాలు పెట్టుకోవచ్చు కదా అని నేనే అడిగాను. "దాదీ రాకపోతే నాకు వద్దు" అని ఏడ్చింది. ఆ అబ్బాయి ఆదివారాలు రావడం మానేశాడు. మా పిల్ల తిండి మానేసింది.

అప్పుడు మా ఆయన బడి పంతులుగారి మాట మళ్ళీ బయటికి తీశాడు. ఈసారి తలకిందులుగా. ఊరొదిలి వెళ్ళిన వాళ్ళందరికీ ఆ పేరు పడింది, ఏ ఇంటివాడు వెళ్ళినా అదే పేరు, కాబట్టి పేరు కలిస్తే రక్తం కలిసినట్టు కాదు, నర్సమ్మే సాక్ష్యం అని వాళ్ళమ్మ ముందు కూర్చుని ప్లీడరులా వాదించాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, నేను నిజమే చెబుతున్నానుగా అన్నాడు. మా అత్తగారు వక్క నములుతూ అంతా విన్నది.

"వెయ్యి అబద్ధాలు ఆడమన్నారు గానీ ఒక్క నిజాన్ని రెండు వైపులా వాయించమన్లేదురా. నా కాళ్ళకి దండాలు పెట్టించి మనవలన్నావు. బాబాయ్ అన్న నోటితో వాడు నిన్ను మామయ్యా అని ఎట్టా పిలుస్తాడు? పేరు సంగతి సరే, గోత్రం సంగతేంది?"

గోత్రం దగ్గర ఆయన వాదన ఆగిపోయింది. చూస్తే జాలేసింది. మా అత్తగారు లేచి, కర్ర తాటించుకుంటూ గుమ్మందాకా వెళ్ళి, అక్కడ తిరిగింది.

"ఒక దారుంది. నీకు చేతనవుతుందో లేదో చూడు. పిల్లని మేనమామకి దత్తత ఇచ్చెయ్యి. పీటల మీద వాడు కూర్చుంటాడు, కాళ్ళు వాడు కడుగుతాడు, కన్యాదానం వాడు చేస్తాడు. నువ్వు పక్కన నిలబడి చూడాల. మా మేనత్తకి అట్టాగే చేశారు."

ఇది కొత్తగా పుట్టించిన మాట కాదు. ఇంటిపేరూ గోత్రమూ కలిసి చిక్కుపడినప్పుడు మనవాళ్ళు ఎప్పటినుంచో చేసే పనే. కానీ ఆయన వైపు చూడలేకపోయాను. ఒక్కగానొక్క కూతురు. ఆ పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ రైలు దిగిపోయే మనిషి. ఇప్పుడు సొంత పిల్లనే ఆ పేరులోంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టాలి. పుట్టినప్పటి నుంచీ కలగన్న పీటల మీద బావమరిది కూర్చుంటే తను చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన బాల్కనీలోకి వెళ్ళి నిలుచున్నాడు. ఎండిన తులసికి చెంబుతో నీళ్ళు పోశాడు. మళ్ళీ పోశాడు. నీళ్ళు పొంగి కింది ఫ్లాటు వాళ్ళ బట్టల మీద పడ్డాయి, కింది దీదీ అరిచింది. ఆయన లోపలికొచ్చి, ఎవరి వంకా చూడకుండా, "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆయన ఖాళీ చెంబు పట్టుకుని నిలబడి ఉంటే, నా లోపల ఏదో ఎగిరి గంతేసింది. సిగ్గేసింది కూడా. మా తమ్ముడు దత్తత తీసుకుంటే పిల్లకి వచ్చేది ఎవరి పేరు? నాది. ఆ గిన్నె. పెళ్ళిలో వదిలేసి వచ్చిన గిన్నె.

మా తమ్ముడు విజయనగరంలో రైల్వే ఉద్యోగి. విషయం చెప్పగానే అవతల పెద్దగా నవ్వాడు. "పెళ్ళికూతుర్ని బుట్టలో మోసేదీ నేనే, అల్లుడి కాళ్ళు కడిగేదీ నేనేనా అక్కా? కూలి రెట్టింపు ఇప్పించు బావగారి చేత" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, బావ ఎలా ఉన్నాడని అడిగాడు. బాగానే ఉన్నాడన్నాను.

ఒంగోలు నుంచి అబ్బాయి అమ్మానాన్నలు వచ్చారు. వాళ్ళకీ ఇదే గుబులట. దత్తత మాట వినగానే ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నాం. మునిర్కా వైపు ఒక హాలు దొరికింది. నర్సమ్మ సెలవు పెట్టుకుని వచ్చి మా అత్తగారి మోకాలికి పట్టీ కట్టి, తోడుగా పక్కనే కూర్చుంది.

పెళ్ళికి ముందు రోజు దత్తత. మా ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని మా తమ్ముడి చేతిలో పెట్టాలి. పెళ్ళి చేయించే పంతులుగారు మంత్రం చెప్పడం అయిపోయినా ఆయన చెయ్యి వదల్లేదు. పిల్లే మెల్లగా, "పాపా" అంది. అప్పుడు వదిలాడు. నేను దాచి ఉంచిన ఆ ఎర్ర రాఖీ తీసి మా తమ్ముడి మణికట్టుకి కట్టాను. కట్టాల్సిన చేతికే చేరిందని మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పెళ్ళి. తమ్ముడు బుట్ట మోసుకొచ్చి దింపి, చొక్కా సర్దుకుని, భార్యతో కలిసి పీటల మీద కూర్చున్నాడు. పంతులుగారు ప్రవర మొదలుపెట్టారు. పెళ్ళికూతురి ముత్తాత, తాత, తండ్రి అంటూ మూడు తరాల పేర్లు పైకి చదువుతారు కదా. మైకులో మా తాత పేరు వినిపించింది. ఆ వెంటనే మా నాన్న పేరు. ఢిల్లీలో, నా కూతురి పెళ్ళిలో, పోయిన మా నాన్న పేరు గట్టిగా, గంట కొట్టినట్టు. నా పెళ్ళి తర్వాత మా ఇంట్లో ఏ శుభకార్యంలోనూ ఆయన పేరు ఎవరూ చదవలేదు. నేను ఆపుకోలేకపోయాను. అందరూ పిల్ల వెళ్ళిపోతోందని ఏడుస్తున్నాననుకుని ఓదార్చారు. ఓదార్చనిచ్చాను.

మా ఆయన మండపం స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. కాళ్ళు కడుగుతున్నప్పుడు చూపు తిప్పుకున్నాడు. తాళి కట్టాక పంతులుగారు కొత్త దంపతుల్ని ఆశీర్వదిస్తూ అబ్బాయి ఇంటిపేరు, ఇప్పటి నుంచి మా పిల్ల ఇంటిపేరు, గట్టిగా చదివారు. అదే ఊరు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. నిన్న వదిలి వెళ్ళిన పిల్ల ఇవాళ దానిలోకే వచ్చేసింది. పెళ్ళి చేసుకుని పుట్టింటి పేరు పోగొట్టుకోని ఆడపిల్లని నేను చూడటం అదే మొదలు.

మా అత్తగారు అక్షింతలు వేసి, కొడుకు వైపు తిరిగి, "పోయిన పేరు చక్కర్లు కొట్టి ఇంటికొచ్చిందిగా. ఇంక ఆ స్తంభాన్నొదులు" అంది. అప్పుడు ఆ అబ్బాయి వచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టి, కొంచెం తడబడి, "మామయ్యా" అన్నాడు. ఆయన వాణ్ణి లేవదీసి కావలించుకున్నాడు. ఈసారి రక్తం అనలేదు.

హాలు ఖాళీ చేసి ఇద్దరం ఆటోలో ఇంటికి బయల్దేరాం. మా అత్తగారిని నర్సమ్మ కారులో తీసుకెళ్ళింది. యమున వంతెన దిగాక ఆయన నా వైపు తిరిగాడు.

"ప్రవరలో మీ నాన్నగారి పేరు చదువుతుంటే నీ ముఖం చూశాను" అన్నాడు. "మీ పుట్టింటివాళ్ళు అసలు ఎక్కడివాళ్ళు? ఆ గిన్నె పేరు మీకెట్లా వచ్చింది?" అని అడిగాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. నాకు తెలియదన్నాను. చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు కూడా. ఢిల్లీలో ఆ పేరువాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనన్నాడు. ఉండే ఉంటారన్నాను. లక్ష్మీనగర్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఆయన ఆ పక్కనుంచి, నేను ఈ పక్కనుంచి మెడలు బయటికి చాపి, మేడల మీది ఫ్లెక్సీలన్నీ చదవడం మొదలుపెట్టాం.